అలుపు రాని మిషను

అమలాపురం ఆసుపత్రి గదిలో ఆగిన గుండెని నొక్కే మిషను టకటకా కొట్టుకుంటోంది. గది బయట నర్సు ముసలాయన్ని అడిగింది.

“మీ బావగారి గుండె ఎవరు నొక్కేరండి?”

“నేనేనమ్మా. రోజుకి వెయ్యి కొబ్బరికాయలు వలిచిన చేతులివి. అంబాజీపేట నుంచి ఆపితే ఒట్టు.”

“అంబులెన్సులో నొక్కింది మిషను కదండీ?”

“ఆయ్, నేను కాళ్లు పట్టుకున్నానులే. దానికి అలుపు రాలేదు, నాకొచ్చింది.”

“ఆయన పడ్డాక ఎంతసేపటికి మిషను పెట్టేరండి? ఇంకా నొక్కాలో, ఆపాలో డాక్టరుగారు దాన్నిబట్టే చూస్తారు.”

“పది నిమిషాలు. నా కళ్లముందే పడ్డాడు.”

“నిజం చెప్పండి, తాతగారూ.”

ముసలాయన బల్ల మీద కూలబడ్డాడు.

“వెయ్యి కాయలు నిజమేనమ్మా. కళ్లముందు పడ్డాడన్నదే నేను కల్పించేను. నే వెళ్లేసరికే బావ పడి ఉన్నాడు, పక్కన టీ చల్లారిపోయి ఉంది.”