చివర నాలుగు తెల్లకాగితాలు

పెద్దలారా, అమ్మలారా, ముందు కింద కూర్చున్న పిల్లలూ,

మన కథలక్క పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఈ లైబ్రరీ పిల్లల గదిలో ఇంతమంది పెద్దవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఈ చిన్న బెంచీల మీద మీ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయని తెలుసు. కాస్త ఓర్చుకోండి. ఈ గదిని ఇరవై రెండేళ్లు చూసుకున్న మనిషి ఇక రాదు. నాకింకా ఆ మాట మింగుడుపడటం లేదు.

నేను వక్తను కాను. కింద మెట్ల పక్క గదిలో చిరిగిన పుస్తకాలు బైండింగు చేసేవాణ్ణి. మాట్లాడమని ఆవిడ పెద్ద తమ్ముడుగారు అడిగారు, కాదనలేకపోయాను. నేను ఒప్పుకోవాల్సిన తప్పు కూడా ఒకటుంది.

ప్రతి సోమవారం అక్క చిరిగిన పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని మెట్లు దిగేది. "డాక్టరు గారూ, పేషెంట్లు వచ్చారు" అనేది. ఎక్కువగా ఏవి చిరిగేవో తెలుసా? సాహస కథలు. ఏడు సముద్రాలు దాటి అగ్నిమణిని తెచ్చే వీరుల కథలు. వీరుడు గుర్రమెక్కే పేజీ దగ్గరే ఎప్పుడూ కుట్టు ఊడేది. పిల్లలు ఆ పేజీ మీద పడి చూసేవాళ్లు మరి.

ఒక శనివారం అక్క అలాంటి కథే చదువుతోంది. తమ్ముడు మణి కోసం వెళ్తాడు, వాళ్లక్క దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. చివర అతను తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటుంది. అప్పుడొక ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది: "మూడు వందల పేజీలు ఆ అక్క అలా నిలబడే ఉందా? కాళ్లు నొప్పి పుట్టలేదా?" గదంతా నవ్వింది. పుస్తకాలిద్దామని వచ్చిన నేనూ నవ్వాను. నవ్వనిది కథలక్క ఒక్కతే.

సోమవారం ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. చివర నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టమంది. లావవుతుందక్కా, అట్ట సరిగ్గా మూసుకోదు, పైవాళ్లు నన్ను తిడతారు అని గొణిగాను. "లావైతే అవనీ తమ్ముడూ. గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల నడవటానికి కాస్త చోటు కావాలి" అంది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఏ సాహస కథ బైండింగుకొచ్చినా చివర నాలుగు తెల్లకాగితాలు. గుమ్మంలో ఆగిపోయిన అక్క, కోటలో కూర్చోబెట్టిన రాకుమారి, ఒక్క పేజీలో కనబడి మాయమయ్యే మంత్రగత్తె, వీళ్లందరూ ఎక్కడికెళ్లారో పిల్లలే రాయాలి. ఒక రాకుమారి ఆకలేసి కోట దిగింది. ఒక మంత్రగత్తెకు మోకాళ్ల నొప్పులొస్తే ఒక పిల్ల ఆవిణ్ణి వీపున మోసుకుంటూ పర్వతం దాటింది. ఎవరి తప్పులూ అక్క దిద్దలేదు.

మరి అక్క ఎక్కడికెళ్లింది?

పదహారేళ్లకే తల్లి పోతే ఇద్దరు తమ్ముళ్లను తనే పెంచింది. వండింది, చదివించింది, వాళ్లను రైలెక్కించి స్టేషన్ నుంచి ఒక్కతే నడిచి ఇంటికొచ్చింది. తమ్ముళ్లూ, మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. ఆవిడ మిమ్మల్ని తలచుకోని రోజు లేదు. ఏడు సముద్రాల కథలు చెప్పే మనిషి ఒక్క సముద్రమైనా చూడలేదని నాకు తెలుసు. వెళ్లిరావచ్చుగా అక్కా అంటే, ఈసారి సెలవుల్లో అనేది. తర్వాత రిటైరైన మర్నాడు అంది. ఇంకో నాలుగు నెలలుంది. నాలుగంటే నాలుగే నెలలు.

ఇక నా తప్పు. ఆరేళ్ల కిందట, బడులు తెరిచే ముందు, ముప్పై పుస్తకాలు ఒక్కసారిగా వచ్చాయి. తొందరలో ఒక పుస్తకం చివర రాసిన కాగితాలను పిచ్చిగీతలనుకుని చూడకుండా చించేశాను. మా పనిలో చిత్తుకాగితం వృథా పోదు. సన్నగా కోసి, పుస్తకాల వీపులకు జిగురుతో అంటించి, పైన అట్ట వేస్తాం. ఆ కాగితాలనూ అలాగే కోసి వాడేశాను.

అక్క వచ్చి పుస్తకం తెరిచింది. చివర చూసింది. ఆ రాతలేవని అడిగింది. చెప్పాను. అట్ట మూసింది. ఏ పిల్లవి అక్కా, బతిమాలి మళ్లీ రాయిస్తానన్నాను. "పెద్దదైపోయిందిలే. ఇక రాయదు" అంది. అంతే. నా మీద కోపమైనా చూపించలేదు. మరుసటి సోమవారం మామూలుగానే పేషెంట్లను తెచ్చింది.

మొన్న సోమవారం ఎవరూ మెట్లు దిగలేదు. నేనే పైకెళ్లి, వీపు ఊడిన పుస్తకమొకటి తెచ్చుకున్నాను. పాత అట్ట విప్పితే లోపల సన్నటి కాగితం ముక్క. దాని మీద నల్ల సిరా. పుస్తకాల నంబరు చీటీలన్నీ అక్కే రాసేది, నేను అంటించేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అంటించిన ఆ చేతిరాత నాకు తెలియదా? ఆరేళ్ల కిందట నేను చించినవి ఏ పిల్ల రాతలూ కావు. కథలక్క రాసుకున్నవి. తన బతుకులో తనకోసం రాసుకున్నవి బహుశా ఆ నాలుగు కాగితాలే. వాటినే నేను చించాను. నాకు బాధ కలుగుతుందని ఆ సంగతి ఆరేళ్లు కడుపులో దాచుకుంది.

ఆ ముక్క మీద ఒకే వరస మిగిలింది. "దీపం గూట్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అక్క సముద్రం వైపు..." తర్వాతి మాట నా కత్తి కింద పోయింది. నడిచిందో, చూస్తూ నిలబడిందో నాకు తెలియదు. మిగతా ముక్కలు ఈ అలమరాల్లో ఏ పుస్తకాల్లో ఉన్నాయో తెలియదు. ఆ ముప్పై పుస్తకాలూ విప్పుతాను. అయినా చిత్తుబుట్టలో పడ్డవి దొరకవు. నన్ను క్షమించడానికి ఆవిడా లేదు.

అయ్యా, అమ్మా, పిల్లలూ, లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. ఆ రెండు నిమిషాల్లో అక్క వాక్యాన్ని మీ మనసులో మీరే పూర్తి చేయండి. ఎంత దూరమైనా పంపండి. మళ్లీ గుమ్మంలో మాత్రం నిలబెట్టకండి.