అడగకుండ ముట్టించిన పొయ్యి

“అవ్వా, రొట్టెల లైన్ల లొల్లయినప్పుడు నువ్వు కమిషనర్ సారు మీదికి పోయినవంట గదా. ఏమైందో మొత్తం చెప్పు, ఫోన్ల రికార్డు చేస్త.”

మీదికి పోవుడేంది బిడ్డా, ఎవరు చెప్పిండ్రు నీకు? మీ నాయిననా? వాడంతే, ఉన్నదానికి ఇంత కలిపి చెప్తడు, అచ్చం వాళ్ల నాయిన లెక్కనే. నేను మీదికి పోలే. నిలవడి మాట్లాడిన, అంతే. జర గట్టిగ మాట్లాడిన. సరే తియ్యి, శాన గట్టిగనే మాట్లాడిన. ఇగో, గా ఫోను జర దూరం పెట్టు, నా గొంతు సంగతి నీకెరికే గదా.

మొదలుకెళ్లి చెప్పాలె, లేకుంటే నీకు సమజ్ గాదు.

తెలంగాణ వచ్చిన యాడాదే మీ తాత పోయిండు. అప్పుడు నువ్వు ఐదో తరగతికి పోతుంటివి. మీ నాయినకు సొంత ఆటో యాడిది, ఎవరి ఆటోనో కిరాయికి నడుపుతుండె. నాకొచ్చిన పని ఒక్కటే, జొన్నరొట్టె చేసుడు. హైవే పక్కకు, పాత బస్టాండు గోడ పొంటి, పొద్దుమీకితే ఆడోళ్లు పొయ్యిలు పెట్టి రొట్టెలు అమ్ముతుండ్రి గదా, నేను గూడ పోయిన. పోయిన గని ఎవర్ని అడగాల్నో తెల్వదు. కొంగు నోట్ల పెట్టుకొని గోడ కాడ నిలవడ్డ. సాయమ్మ అని ఒక ముసలామె ఉండె. గా లైన్ల అందరికంటె ముందుగాల పొయ్యి పెట్టింది ఆమెనే అంటరు. “ఎవరి కోసం చూస్తున్నవే?” అన్నది. “జాగా ఎవర్నడగాలె అక్కా?” అన్న. ఒక్కటే నవ్వు నవ్వింది. “ఎవర్నడుగుతవే, రోడ్డునడుగుతవా? మూడు రాళ్లు తెచ్చుకో, సందున్న కాడ పెట్టు, ముట్టించు” అన్నది.

గా లైను రివాజు అది. మూడు పొయ్యిరాళ్లు పెడితే గా జాగా నీది. కాన్పుకు పోయినా, జొరమొచ్చి పండుకున్నా, బిడ్డ ఇంటికి పోయినా, నీ రాళ్లు ఎవ్వరు కదపరు. కురుమూర్తి జాతర కాడికెళ్లి మల్ల జాతర దాక, యాడాది మొత్తం పొయ్యి ముట్టకుంటెనే జాగా ఇంకొకరిది. మల్ల కొత్తగ వచ్చినామె అగ్గిపెట్టెతోని ముట్టియ్యొద్దు. పక్క పొయ్యామె నిప్పులియ్యాలె, ఆమె తీసుకోవాలె. తీసుకున్నదంటే ఇగ ఆమె లైన్ల మనిషే. కాగితం లేదు, సంతకం లేదు, పెద్దమనిషి లేడు. నాకు సాయమ్మనే ఇనుప చిప్పల నిప్పులిచ్చింది. అప్పట్ల రొట్టె పది రూపాలు, తొక్కు ఊకెనే ఇస్తుంటిమి. లారీల డ్రైవర్లు నిలవడి తింటుండ్రి, అమ్మా ఇంకోటి, అమ్మా ఇంకోటి అని. ఒక పంజాబ్ డ్రైవరుండె, ఎంత పొడుగు మనిషి... అగో, యాడికో పోతున్న. ఏం చెప్తున్న? ఆ, లైను.

ఖాజా భాయి ముచ్చట చెప్పకుంటే అటెనకది నీకు సమజ్ గాదు. గోడ మూల మీద టైలర్ దుకాణం ఆయనదే. నీ బడి డ్రెస్సులన్ని ఆయననే కుట్టిండు, చేతులు ఎప్పుడు పొడుగు పెడుతుండె, పిల్ల ఎదుగుతది గదా అక్కా అని. ఆయనకు ఒక్కటే పిచ్చి. ఎవ్వరికి నష్టం చెయ్యకుండ నీ పని నువ్వు జేసుకుంటుంటే, నువ్వెవ్వర్ని పర్మిషన్ అడగొద్దు. పొద్దుందాక గదే ముచ్చట. వాడకట్టుల గుంత పడితే ఆఫీసుకు చెప్పడు. ఐతారం నాడు పోరగాండ్లను జమ జేసి, మొరం తెచ్చి, తనే పార పట్టుకుంటడు. అందరు దుకాణపోళ్లు కలిసి ఎండకాలం చలివేంద్రం పెడుతుండ్రి గదా, అది గూడ ఆయన మొదలు పెట్టిందే. ఒకసారి ఒక లీడర్ మనుషులు ఫ్లెక్సీ పట్టుకొని వచ్చిండ్రు, చలివేంద్రానికి కడ్తమని. ఖాజా భాయి ఏమన్నడు, “కుండలు మావి, నీళ్లు మేమే మోస్తున్నం, మీ సారు మొకమెందుకు భాయ్? మొకం చూస్తే దూప తీర్తదా?” అన్నడు. వాళ్లు ఫ్లెక్సీ చుట్ట చుట్టుకొని పోయిండ్రు. మేం నవ్వి నవ్వి కడుపులు పట్టుకున్నం. అన్ని పార్టీలోళ్లకు ఆయన మీద కోపమే. నువ్వు ఏ పార్టీ అని అడిగితే, “నేను సూది పార్టీ” అంటడు.

సరే. మనూరు పంచాయతీ ఉన్నన్ని దినాలు మా దిక్కు ఎవ్వడు చూడలే. మున్సిపాల్టి అయినంక కొత్త కమిషనర్ సారొచ్చిండు. చిన్న వయసు. మంచోడే బిడ్డా, లంచం గించం లేదు, నేను అబద్ధమెందుకు చెప్త. అంగడి మైదానం ఎనకకు రేకుల షెడ్లు కట్టిచ్చిండు, లైట్లు, ఫ్యాన్లు, అన్ని ఉన్నయి. అందరు ఆడికే పోవాలె, కార్డు తీసుకోవాలె, కార్డున్నోళ్లే అమ్మాలె. గని లారీ హైవే మీద ఆపి అంత దూరం నడిచి ఎవడొస్తడు రొట్టెకు? ఈగలు గూడ రావాయె. మేం పోలే.

పోకపోతే ఏమైంది? ఒక దినం పొద్దుగాల పోయి చూస్తే రాళ్లు లేవు. ఒక్క రాయి లేదు బిడ్డా! ట్రాక్టర్ల ఏసుకొని పోయిండ్రంట. బూడిద కుప్పలు ఒక్కటే మిగిలినయి, లైను పొడుగున. అప్పుడే మీ నాయిన ఆటో పల్టీ కొట్టి చెయ్యి ఇరిగి ఇంట్ల కూసున్నడు. ఇల్లు నడిచేదే గా పొయ్యి మీద. ఇగ అయిపోయింది మన బతుకు అనుకొని బూడిదల కూసొని ఏడ్చిన. చంద్రకళ ఏడ్చింది. ఎరికే గదా చంద్రకళ, గా మాటకారి, లైను చివరాఖరు పొయ్యామె. సాయమ్మ మాత్రం ఏడ్వలే, తిట్టింది. ఏం తిట్లనుకున్నవ్! అవి రికార్డు చెయ్యరాదు.

ఖాజా భాయి మెడల టేపుతోనే ఉరికొచ్చిండు. మమ్మల్ని చూసి, “రాళ్లు పోయినయని ఏడుస్తరా? పాలమూరుల రాళ్లకు కరువొచ్చిందా?” అన్నడు. ఏడ్చేటోళ్లం నవ్వినం. ఇగ ఆయన దుకాణం దుకాణం తిరిగిండు. పొద్దుమీకేసరికి వెల్డింగ్ షాపు ముంగట చంద్రకళ పొయ్యి, కిరాణం ముంగట సాయమ్మ పొయ్యి, మంగలి దుకాణం ముంగట ఒకామె, నేను ఖాజా భాయి అరుగు మీద. అన్ని దుకాణపోళ్ల సొంత జాగాలాయె! బజారంత పొగ, బజారంత రొట్టె వాసన. లారీలోళ్లు హారన్లు కొట్టుకుంట, “రొట్టెలు ఏడికి పోయినయమ్మా” అని ఎతుక్కుంట వచ్చిండ్రు. అమ్మో, ఏం సంబురం బిడ్డా ఆ దినం! పండుగ నాడు గూడ మన బజారు గట్ల లేకుండె. మున్సిపాల్టి మనుషులొచ్చి ఖాజా భాయిని అడిగితే, “నా అరుగు, నా అక్క వచ్చి రొట్టె చేస్తాంది. నీకేమన్న కావాల్నా? కూసో, తిను” అన్నడు. ఒకడు నిజంగనే కూసొని తిన్నడు. పైసలిచ్చిండు గూడ.

గట్ల వారం నడిచిందో, ఎక్కువనో. ఇగ సారు మమ్మల్ని ఆఫీసుకు పిలిపిచ్చిండు. అందరం పోయినం, ఖాజా భాయి గూడ వచ్చిండు. సారు మంచిగనే మాట్లాడిండు. “సరే అమ్మా, పాత జాగానే ఇస్త. ఒక్కొక్కరు దరఖాస్తు పెట్టుకోండి, నేను పర్మిషన్ రాస్త” అన్నడు. మాకు పానం లేచొచ్చింది. చంద్రకళ పెన్ను కోసం చెయ్యి చాపనే చాపింది. ఖాజా భాయి ఎనకకెళ్లి, “వద్దు చంద్రకళా. ఇప్పుడు అడిగితే ఆయన ఇచ్చినట్టయితది. ఇచ్చినోడు రేపు గుంజుకుంటడు. ఈ సారు గుంజుకోడు, ఇంకో సారొస్తడు” అన్నడు. చంద్రకళకు మండింది. “నీదేం పోతదయ్యా, నీ మిషను నీకుంది. పొయ్యి పోయింది మాది!” అన్నది. ఆమెది గూడ నిజమే గదా? నాకు మాత్రం ఇల్లే యాదికొస్తాంది. ఇంట్ల మీ నాయిన చేతికి పట్టీ, నువ్వు బడికి పోయేదానివి. సంతకం పెడితే రేపే పొయ్యి ముడ్తది.

ఏమైందో ఏమో, లేసి నిలవడ్డ. “సారూ, నీ తాన ఏమన్న అడుగుదమని రాలే మేము. షెడ్డు అడగలే, లోను అడగలే. మా రాళ్లు మాకియ్యి. తెల్లగీత దాటి రోడ్డు మీదికి రాము. బూడిద మేమే ఎత్తుతం. ఎవరికన్న అడ్డమైతే చెప్పు, జరుగుతం. గంతె గని, రొట్టె చేసుకుంటనంటే నువ్వు ఊ అనుడేంది? రొట్టె చేసుడు నువ్వు నేర్పినవా నాకు?” అన్న. అన్నంక నాకే భయమైంది. నన్ను బయటికి గెంటిస్తడనుకున్న. సారు దరఖాస్తు కాగితాలు పక్కకు జరిపి నవ్విండు. “గీత దాటితే మాత్రం మల్ల ఎత్తుకొస్తనమ్మా” అన్నడు. “దాటితే ఎత్తుకపో” అన్న. గదే నేను ఆయన మీదికి పోవుడు! రాళ్లు నెత్తి మీద పెట్టుకొని, డప్పు కొట్టిచ్చుకుంట వచ్చినం బిడ్డా. సాయమ్మ ఆ వయసుల ఎగిరింది. నేను గూడ ఎగిరిన, నవ్వకు.

ఆగు, ఫోను బంద్ చెయ్యకు. అసలు ముచ్చట ఇంక ఉంది.

గెలిచినంక చంద్రకళ, మల్ల ఎవడన్న మన మీదికొస్తే మనకు సంఘముండాలె అన్నది. మంచి మాటనే. సంఘం పెట్టినం, ఆమెనే అధ్యక్షురాలు. అటెనక ఫోటోలతోని కార్డులు చేపిచ్చింది. అటెనక మీ అత్తకు బాగలేదని నేను కొత్తకోట దవాఖానల ఉన్నప్పుడు, మీటింగు పెట్టి ఒక తీర్మానం చేసిండ్రు, లైన్ల కొత్త పొయ్యి పెట్టనియ్యొద్దని. సాయమ్మ అప్పటికే పోయింది. ఉంటే కార్డులన్ని పొయ్యిల ఏస్తుండె.

నేను వచ్చిన రెండొద్దులకే మరియమ్మ వచ్చింది. బొంబాయికి సిమెంటు పనికి పోయినోళ్లు వాళ్లు, ఆడ పెనిమిటి బిల్డింగు మీదికెళ్లి పడ్డడు, నడుము పోయింది, వాపసొచ్చిండ్రు. గామె మూడు రాళ్లు తెచ్చి నా పక్కకు సందుంటే పెట్టింది. చంద్రకళ ఉరికొచ్చింది. “కార్డుందా? సంఘం పర్మిషన్ తీసుకున్నవా? దరఖాస్తు పెట్టుకో, మీటింగుల చూస్తం” అన్నది. మరియమ్మ చేతులు కట్టుకొని, “అక్కా, దరఖాస్తు ఎట్ల రాయాలె?” అని అడిగింది.

నాకు ఒళ్లంత మంట లేచింది బిడ్డా! “ఏమే చంద్రకళా, నువ్వెప్పుడైనవే కమిషనర్?” అన్న. ఇగ లైనంత లొల్లి. చంద్రకళ గూడ తక్కువది గాదు. “లొల్లి పడ్డది మనం, గెలిచింది మనం. వచ్చినోళ్లందరికి గిరాకి పంచితే నీకేం మిగుల్తది కుర్మమ్మా? నీ పక్కకే కూసుంటది, నీ గిరాకే పోతది!” అన్నది. అది గూడ అబద్ధం గాదు. ఖాజా భాయి తాన్కి పోయినం, నువ్వన్న చెప్పమని. ఆయన మిషను ఆపలే. “నేను చెప్పుడు, మీరు ఇనుడు అయితే, ఇగ నేనొక కమిషనర్ అయిత. మీ లైను, మీరే చూసుకోండ్రి” అన్నడు. నాకు ఆయన మీద గూడ కోపమొచ్చింది. మనిషా, పంతమా!

ఇగ ఎవ్వర్ని అడిగేదుంది? వాపసొచ్చిన, నా పొయ్యిల నిప్పులు చిప్పలకు ఎత్తిన, మరియమ్మకు ఇచ్చిన. ఆమె చిప్ప అందుకున్నది. చంద్రకళ చూస్తనే ఉంది, చిప్ప గుంజుకుంటదేమో అనుకున్న. గుంజుకోలే. మరియమ్మ పొయ్యి ముట్టింది.

చంద్రకళ నాతోని మాట్లాడలే, బతుకమ్మ దాక. సద్దుల నాడు ఆమెనే వచ్చి, “గా మరియమ్మను గూడ పిలువు, ఒక్కతే నిలవడ్డది” అన్నది. గంతె. ఆ తీర్మానం ముచ్చట మల్ల ఎవ్వరు ఎత్తలే. కార్డు మాత్రం చంద్రకళ ఇంట్ల మేకుకు ఏలాడదీసింది, ఫోటో మంచిగొచ్చిందని. నా గిరాకి తగ్గిందా అంటే తగ్గింది, మరియమ్మ తొక్కు నాకంటె మంచిగ చేస్తది. తగ్గితే తగ్గింది. నాకు ఆ దినం తిన్న బువ్వ మంచిగ ఒంటవట్టింది.

ఈ ముచ్చట నువ్వు అడగకున్నా నేనే చెప్పాలనుకున్న. సోమారం నౌకర్ల చేరుతున్నవు. మున్సిపాల్టి ఆఫీసుల కుర్సీ నీది. నాకు సంబురం కాదా? వాడకట్టంత చక్కెర పంచిన, మా మనుమరాలు ఆఫీసరని లారీలోళ్లకు గూడ చెప్పిన. గని నిద్రవడుతలేదు బిడ్డా. మంచోళ్లు గూడ గా కుర్సీల కూసుంటే, పొయ్యి ముట్టిచ్చేటామెను దరఖాస్తు అడుగుతరు. చంద్రకళ అయితే కుర్సీ లేకుండనే అడిగింది.

దా, నెత్తి ఇటు పెట్టు. సల్లగుండు. పెద్ద పెద్ద కుర్సీలెక్కు. గని నీ ముంగట ఎవ్వరు చేతులు కట్టుకొని నిలవడే అక్కర రాకుండ ఉండాలె బిడ్డా, నిన్ను అడగకుండనే అందరు మంచిగ బతకాలె...