సత్తు హెడ్డు, సోడా డ్రమ్ము

కోటాచారి అని మెకానిక్కు, ఉప్పుటేటి గట్టున షెడ్డు ఆయనది. చెవి పెట్టి ఇంజను చప్పుడు వింటే చాలు, రోగం చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరు. ఆ పేరు ఆయనకి కాస్త నెత్తికెక్కిందిలే. ముప్పై ఏళ్ళు ఇనప హెడ్లతోనే కాపరం చేశాడాయన. హెడ్డంటే ఏందో తెలుసుగా, ఇంజను నెత్తిన మూత మాదిరి బిగించే దిమ్మ. దాన్ని ఊడదీసి, షెడ్డు మూలనున్న సోడాకారం నీళ్ళ డ్రమ్ములో, అదే బట్టలసోడా లాంటి ఘాటు మందులే, అందులో ఓ పూట నానేస్తే మసీ జిడ్డూ మొత్తం ఊడొచ్చేది. ఎవరి బండి వచ్చినా అదే పద్ధతి. ఇట్టా ఉండగా ఏమైందంటే, రొయ్యల చెరువుల పేరయ్య ఉన్నాడే, ఆయన వ్యాను షెడ్డుకొచ్చిందంట. హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్టు రేకు పోయింది, అది మారిస్తే సరి. ఆ వ్యాను తోలేది ఏసుపాదం. పన్నెండేళ్ళుగా ఆ ఇంటి బండ్లే తోలుతున్నాడు, పెళ్ళాంబిడ్డలు ఆ స్టీరింగు మీదే బతుకుతున్నారు.

ఆ వ్యానుదేమో కొత్త రకం హెడ్డు. ఇనపది కాదు, సత్తుది, అదే అల్యూమినియం. మన వంటింట్లో సత్తు గిన్నెలుంటాయే, ఆ సత్తే అనుకో. కోటాచారి ఎత్తితే ఒంటిచేత్తో లేచొచ్చిందంట. అప్పుడన్నా తెలియొద్దా? తెలీలా. అలవాటు చొప్పున డ్రమ్ములో పడేసి, ఇంటికిపోయి పప్పుచారు పోసుకు తిని, ఓ కునుకు తీసి వచ్చాడంట. వచ్చేసరికి డ్రమ్ము బుసబుసా పొంగుతా ఉంది. కొక్కెం వేసి పైకి లాగితే ఏముంది, హెడ్డు మొహమంతా గుంటలు, చెదలు తిన్న తలుపు మాదిరి. సత్తు గిన్నెని బట్టలసోడాతో తోమితే నల్లబడి తినేసుకుపోద్దని మన ఆడోళ్ళల్లో ఎవర్నడిగినా చెప్పరూ? నవ్వమాక వదినా, ఆయన పెళ్ళాం నాంచారమ్మ కూడా తర్వాత అదే మాటంది. ఆయనేమో జన్మలో గిన్నె తోమినోడు కాదాయె.

సరిగ్గా అప్పుడే పేరయ్య దిగాడంట, వెనక ఏసుపాదం, ఇంకా నలుగురు. ఏంది ఆచారీ ఇట్టా అయింది అన్నాడంట. తప్పు నాదేనని చెప్పడానికే కోటాచారి నోరు తెరిచాడు, తెరిచాడు గానీ అందరూ తన మొహం వంకే చూస్తున్నారు. ఇంత పేరున్నోడు ఇంత తెలివితక్కువ పని చేశాడంటే ఇంకేముంది? ఉప్పునీళ్ళయ్యా, రేడియేటర్లో ఉప్పునీళ్ళు పోసి తోలితే హెడ్డు తినెయ్యదా మరి, అనేశాడు. అనుకుని అన్నది కాదు, నోటెంట వచ్చేసింది. పేరయ్య గిర్రున తిరిగి, ఇటివ్వరా తాళం, అని ఆ నలుగురి ముందే ఏసుపాదం చేతిలో తాళం లాక్కున్నాడంట. ఏసుపాదం తలొంచుకుని గట్టు మీదుగా నడిచిపోయాడు.

కొత్త హెడ్డు బెజవాడ నుంచి రావాలి, నాలుగు రోజులు పట్టిద్ది. మర్నాడు పొద్దున్నే కోటాచారి షెడ్డు తీసేసరికి గుమ్మంలో రెండు బిందెల మంచినీళ్ళు, పక్కన ఏసుపాదం. సైకిలు మీద రెండు మైళ్ళ నుంచి తెచ్చాడంట. ఎందుకయ్యా ఇవి అంటే, బండికే ఆచారిగారూ, ఇక ఉప్పునీటి చుక్క పోస్తే ఒట్టు. పోయిన ఎండాకాలం రేవు దగ్గర ఒక్కసారి, ఒకే ఒక్కసారి పోశానండీ, ఎవరికీ చెప్పలా. మీరెట్టా కనిపెట్టారండీ! మీ కంటికి దణ్ణం పెట్టాలి, అన్నాడంట. సిగ్గంటే ఆ రోజు తెలిసొచ్చింది కోటాచారికి. అయినా నిజం చెప్పకుండానే బిందెలు లోపల పెట్టుకున్నాడు. రెండోనాడూ బిందెలొచ్చినయ్. మూడోనాడూ వచ్చినయ్. ఆ నీళ్ళు చూస్తే ఆయనకి ముద్ద దిగడంలా. నాంచారమ్మ నిలదీస్తే అప్పుడు కక్కాడంట మొత్తం. ఆమె ఆ గిన్నెల మాటే అని, ఆయన టీ తాగే సత్తు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది.

నాలుగోనాడు హెడ్డు వచ్చింది. కోటాచారి బోల్టులన్నీ వరసగా బిగించి, బండి స్టార్టు చేసి, పేరయ్యనీ జనాన్నీ డ్రమ్ము దగ్గరికి రమ్మన్నాడంట. అందరూ చూస్తుండగా ఆ గ్లాసు సోడాకారంలో వదిలాడు. సుయ్యిమని పొంగింది. హెడ్డు తిన్నది ఇదయ్యా, ఉప్పునీళ్ళు కాదు. తప్పు నాది. నీతికిమాలిన అబద్ధమాడాను, అన్నాడు. పేరయ్య తాళం తీసి ఏసుపాదం చేతిలో పెట్టాడంట. ఏసుపాదం తిడతాడు, కొడతాడు అనుకున్నారు జనం. వాడేమో ఆ నురగ వంకే చూసి, అయితే నేను పోసినందుకు కాలేదాండీ, నా వల్ల కాలేదాండీ, అని చిన్నపిల్లాడల్లే ఏడ్చాడంట. ఓ దెబ్బ కొట్టినా కోటాచారికి తేలికయ్యేది.

అదీ సంగతి. ఆ తిన్న హెడ్డు ఇప్పటికీ షెడ్డు గుమ్మానికి వేలాడతా ఉంది, ఆయనే కట్టుకున్నాడు. కొత్తగా వచ్చినోళ్ళు ఇదేందని అడుగుతారు, అడిగిన ప్రతివాడికీ మొదట్నుంచీ చెబుతాడు. నేనూ అడిగా, బుద్ధి లేక. బండికి బెజవాడ నుంచి కొత్త తలకాయ వచ్చింది గానీ, ఆయన మాత్రం ఉన్న తలకాయే ఎత్తకుండా చెప్పాడు. మీరెవరన్నా అటెళ్తే అడగమాకండి, పాపం.