పక్కసీటు కమ్మీ

ఫిన్లాండ్ అడవిలో, కార్ల ర్యాలీ పందెం దారి పక్కన పాత కారు తలకిందులై ఉంది. నడిపిన భర్త దాని చుట్టూ తిరుగుతున్నాడు. పక్కసీట్లో కూర్చుని మలుపుల నోట్స్ చదివి దారి చెప్పిన భార్య కుడిచేతిని పొట్టకు అదుముకుని నిలబడింది.

"చలికాలమంతా షెడ్డులో చెమటోడ్చి ఈ కారు తయారుచేశాను. మలుపు ఆలస్యంగా చదివి మట్టిపాలు చేశావు."

"రెండుసార్లు చదివాను. నువ్వే చెవిన పెట్టలేదు. నా తలుపు దగ్గర కమ్మీకి, దెబ్బ తగలకుండా చుట్టిన స్పాంజి ఏదీ?"

"బరువని పీకేశాను."

"మరి నీ వైపుది?"

అతను బంపరును తన్నాడు.

"వెనక కారు వస్తోంది. బాగానే ఉన్నామని నీ చేతిలో ఆ రెండురంగుల అట్ట ఆకుపచ్చవైపు చూపించు. లేకపోతే మనకోసం ఆగాల్సొస్తుంది వాళ్లు."

ఆమె ఎడమచేత్తో, సాయం కావాలని చెప్పే ఎర్రవైపు పైకెత్తింది.

"ఆగనీ. నా చెయ్యి విరిగింది. ఇంతసేపూ కారు సొట్టలు చూస్తున్నావు గానీ, నీకేమైందని నన్నొక్క మాట అడగలేదు."