మంటమీదికెక్కిన పడవ

నడివేసవిలో వచ్చే యుహాన్నుస్ పండుగనాడు పాత పడవను మంటమీదికెక్కించడం ఆ సరస్సు ఒడ్డున తాతలనాటి అలవాటే. తానేలి కూడా ఎన్నో పడవలు కాలుతుంటే చప్పట్లు కొట్టినవాడే. కానీ ఈ ఏడు కట్టెల కుప్పమీద బోర్లించింది అతని సొంత పడవ.

“పలకలన్నీ నెర్రెలిచ్చాయి మామయ్యా, ఇంకెందుకది?” అన్నాడు తానేలి భార్య మేనల్లుడు యౌకో.

తానేలికి గుండె కలుక్కుమంది. అయితే వద్దురా అని తిన్నగా చెప్పడం అతని ఒంటికి పడదు. ఏం కావాలన్నా కోతల్లో చుట్టి చెప్పాల్సిందే. సౌనా గదిలో ఆవిరిస్నానం చేసి, ఎర్రబడ్డ మొహంతో అరుగుమీద చతికిలబడ్డాడు.

“కాల్చుకోండి, నాదేం పోయింది! అదెలాంటి పడవో మాత్రం తెలుసుకుని కాల్చండి. నా పెళ్లికి ముందు వేసవి. మా అమ్మ కలకుక్కో రొట్టె చేసింది. రొట్టె లోపల కూరిన చేపలు ఇంకా చిటపటలాడుతున్నాయి. గుడ్డలో చుట్టుకుని అవతలి ఒడ్డుకు బయల్దేరాను. తెడ్డు ఒక్కసారి ఆపితే ఒట్టు!”

“అదేం గొప్ప? అవతలి ఒడ్డున నీకేం పని?” అన్నాడు పక్కింటి విహ్తోరి, ఉడికిన బంగాళాదుంపకు వెన్న రాసుకుంటూ.

“పనుంది. నువ్వు కథ వినవయ్యా! నడి సరస్సులో గాలి లేచింది. ఒక్కో అల చర్చి గంటస్తంభమంత. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవ అడుగున చిల్లు! ఏం చేస్తాను, రొట్టె తీసి చిల్లులో కుక్కాను. చుక్క నీరు రాలేదు. కానీ ఆ వాసనకు ఒక హౌకి చేప వచ్చిందయ్యా! తల నా పడవ దగ్గర, తోక అవతలి ఊరి రేవులో!”

“మరి అది వెనక్కి తిరగడానికి చోటేది మామయ్యా?”

“లేదు కాబట్టేరా నేరుగా ఇటు వచ్చింది! రొట్టెను పళ్లతో పట్టి, పడవనీ నన్నూ కలిపి లాగింది చూడు, నీళ్లు రెండుగా చీలి సరస్సు అడుగు కనబడింది. అక్కడ మా తాత జారవిడుచుకున్న పొగాకు గొట్టం ఉంది. వంగి తీశాను. ఇంకా వెలుగుతూనే ఉంది!”

అరుగంతా పకపకలాడింది. నవ్వు ఆగాక యౌకో కళ్లు తుడుచుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

“భలే ఉంది మామయ్యా. ఇక అంటించనా?”

తానేలి కుప్పవైపు చూశాడు. కథ అయిపోయింది, పడవ కుప్పమీదే ఉంది.

పెనంమీద చిన్న చేపలు తిరగేస్తున్న అతని భార్య సైమి అప్పుడు నోరు విప్పింది.

“ఏ నడి సరస్సయ్యా? పది బారలైనా పోలేదు నువ్వు. వేసవి రాకముందే పడవను నీళ్లలో ముంచి నానబెడితే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయని చంటిపిల్లలకీ తెలుసు. ఈయనగారికి తొందర! అవతలి ఒడ్డు పిల్ల ఇంపిని పెళ్లికి అడగాలి మరి. ఎండిన పడవ అలాగే దింపాడు.”

“ఇంపినా!” విహ్తోరికి బంగాళాదుంప గొంతులో అడ్డం పడింది.

“నేను రేవులో తివాచీలు ఉతుకుతున్నాను. తడి తివాచీ ఒక కొస విసిరి ఈడ్చుకొచ్చాను. తల మునిగింది గానీ రొట్టె పట్టుకున్న చెయ్యి మునగలేదు మహానుభావుడిది. రేవుమీద కూర్చుని ఇద్దరం పొద్దువాలేదాకా తిన్నాం. ఇంపి ఊసు ఎవరికీ గుర్తులేదు.”

తానేలి తలెత్తలేదు. ఆ రొట్టె రుచి, తడి ఉన్ని వాసన, పక్కన కూర్చుని ముళ్లు ఊస్తూ నవ్విన పిల్ల, అన్నీ ఒక్కసారిగా కమ్ముకొచ్చాయి. ఆ వేసవి మళ్లీ రాదు.

“దించరా యౌకో,” అంది సైమి. “అది సరిగ్గా తేలి ఉంటే ఈయన నీకు మామయ్య అయ్యేవాడే కాదు.”

యౌకో అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. అతనూ విహ్తోరీ చెరో కొస పట్టి పడవను కిందికి దించారు.

“అయితే ఆ హౌకి చేప సంగతంతా అబద్ధమేగా?” అన్నాడు విహ్తోరి, చేతులు దులుపుకుంటూ.

తానేలికి ప్రాణం లేచొచ్చింది. సైమివైపు ఓరగా చూశాడు.

“పేరు మార్చానంతే. పట్టు మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను. ఇప్పటిదాకా వదిలితే ఒట్టు!”