ఎడమకు తిరిగిన జడ

మణికట్టుకి పట్టీ కట్టుకున్న ఆమె, సగం అల్లిన స్వెట్టర్ ఒళ్ళో పరుచుకుని వరసలు లెక్కపెడుతోంది. ఎదురుగా భర్త పేపరు చదువుతున్నాడు.

"ఏమండీ, నిన్న నేను అల్లింది రెండే వరసలు. ఇవాళ చూస్తే పది పెరిగాయేంటి?"

"లెక్క తప్పావేమో."

"మూడుసార్లు చూశాను. నాకేమన్నా మతి పోతోందా?"

"ఛ, అదేం మాట!"

"సాక్సుల కోసం కూడబెట్టిన ఊలు ఉండలు పన్నెండు. ఇప్పుడు తొమ్మిదే!"

"పిల్లి లాక్కుపోయిందేమో."

"మనకి పిల్లెక్కడిది? పోనీ, ఇది చూడండి. స్వెట్టర్ మీద ఈ జడల డిజైన్లో అన్నీ కుడికి మెలి తిరిగితే, పైది ఒక్కటీ ఎడమకు తిరిగింది. నాది ఎడమచేతి వాటం కూడా కాదే!"

ఎడమచేత్తో పేజీ తిప్పబోయిన ఆయన ఆగిపోయాడు.

"మరీ అంత తేడాగా ఉందా? విప్పేయనా?"

ఆమె అయోమయంగా ఆయన వేళ్ళకేసి చూసింది.

"మీకెవరు నేర్పారు?"

"నిన్ను చూసే. మూడు ఉండలు పాడయ్యాక పట్టు దొరికింది. చెయ్యి నొప్పని నువ్వు రెండు వరసలకే ఆపేస్తుంటే చూడలేకపోయాను."

"ఇంతకీ ఇదెవరికనుకుని అల్లారు?"

"మీ అన్నయ్యకి కాదూ?"

"ఆ భుజాల కొలత ఎవరిదో ఒక్కసారి చూసుకోండి."

ఆయన పేపరు పక్కన పెట్టి తన భుజాలు తడుముకున్నాడు.