నాన్న గుర్తించిన మెగ్నీషియం

ప్రొఫెసరు చనిపోయాక ఆయన కుర్చీలో ఇంకా ఎవరూ కూర్చోలేదు. ఆయన కూతురూ, ఆయన చివరి శిష్యుడూ దాని పక్కనే నిలబడి కంప్యూటర్ తెర చూస్తున్నారు.

"అక్కా, ఆ జబ్బు ప్రొటీన్ మధ్యలో సారు గుర్తించిన లోహపు అయాన్ మెగ్నీషియం కాదు. సోడియం."

"మతి పోయిందా నీకు? దాన్ని పట్టుకునేలాగే కదా కంపెనీవాళ్లు మందు తయారుచేసింది!"

"ఎక్స్‌రే చిత్రంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కదక్కా. చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో చూసే తేల్చాలి. మెగ్నీషియానికైతే దగ్గరగా, సోడియానికైతే కాస్త దూరంగా ఉంటాయి."

"నాన్న చూడలేదంటావా? మెగ్నీషియానికి ఉండాల్సినంత దగ్గరగానే ఉన్నాయిగా!"

"మెగ్నీషియం అని మనమే ముందు చెప్పాం. అందుకే సాఫ్ట్‌వేర్ వాటిని దగ్గరికి లాగిపెట్టింది. ఆ షరతు తీసేశాను. చూడక్కా, ఎంత వెనక్కి జరిగాయో."

"అయ్యో... ఆ లెక్క ఇంకోసారి నడిపించు."

"పొద్దుట్నుంచీ అదే పని. ప్రతిసారీ సోడియమే వస్తోంది."

"వచ్చే వారం ఆ మందు రోగులకి ఇస్తారురా!"

"తెలుసు. కానీ సారు పోయి నెలైనా కాలేదు. నీకెలా చెప్పాలో తెలియలేదు."

"కంపెనీకి ఫోన్ కలుపు."

"నేను మాట్లాడతాలే అక్కా. నువ్వు కూర్చో."

"వద్దు. ఆయన పొరబడ్డాడని నువ్వు చెబితే వాళ్లు నమ్మరు. కూతురు చెబితే నమ్ముతారు."